మేడమీద టేబుల్ ఎంచుకోవడం ఎలా: సాగర్ నుంచి సోమశిల దాకా సెలవుల్లో పనికొచ్చే పద్ధతి

రెండేళ్ల కింద సంక్రాంతి సెలవులకు నల్లగొండ నుంచి తొమ్మిది మందిమి బండి మాట్లాడుకుని బయల్దేరాం. అమ్మ, చిన్నమ్మ, నేను, మా ఆయన, మా ఇద్దరు పిల్లలు, తమ్ముడు, మరదలు, వాళ్ల పాప. రెండో రోజు రాత్రి ఒక ఊళ్లో నది చూస్తూ భోజనం చేయొచ్చని ఫోన్లో ఫొటోలు చూసి ఒక రూఫ్‌టాప్ రెస్టారెంటుకు పోయాం. లిఫ్టు మూడో అంతస్తు దాకే ఉంది. ఆ పైన ఇనుప మెట్లు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. తమ్ముడు చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కించాడు. పైకి చేరేసరికి ఏడున్నర. నది చీకట్లో కలిసిపోయింది. తలమీద వేలాడే రంగు లైట్లు తప్ప ఏమీ కనబడలేదు. అమ్మ అక్కడ ఏమీ అనలేదు. దిగేటప్పుడు మాత్రం తమ్ముణ్ణి అడిగింది: "నది ఎటు దిక్కున్నదిరా?"

ఆ మాట నన్ను చాలా రోజులు బాధపెట్టింది. ఆ తర్వాత నుంచి ఎక్కడికి పోయినా ముందే చూసుకుని, పోల్చుకుని, పిల్లల పాత నోటుబుక్కులో రాసుకుని పోతున్నాను. ఆ రాతల్లోంచి తేలిన పద్ధతే ఇది.

అసలు సంగతి ముందే చెప్తాను. ఒక రెస్టారెంటును ఇంకో రెస్టారెంటుతో పోల్చితే లాభం లేదు. ఫలానా నెలలో, ఫలానా గంటకు, ఫలానా టేబుల్ దగ్గర కూర్చుంటే ఏం కనిపిస్తుందో దాన్ని పోల్చాలి. ఒకే మేడమీద గోడ పక్క టేబుల్‌కు కృష్ణా నది కనిపిస్తుంది, దాని వెనక టేబుల్‌కు ఆకాశమే కనిపిస్తుంది. జనవరిలో బంగారంలా మెరిసే చోటు మే నెలలో నిప్పుల కుంపటి.

ముందు: మన దగ్గర 'రూఫ్‌టాప్' అంటే ఏమిటి

హైదరాబాద్‌లో ఉన్నట్టు మన నల్లగొండ, పాలమూరు వైపు వీధికో రూఫ్‌టాప్ ఉండదు. కాబట్టి వెతికేటప్పుడు ఆ పేరున్న వాటినే పట్టుకుంటే జాబితా రెండు మూడుతోనే ఆగిపోతుంది. నేను మూడు రకాల చోట్లనూ కలిపి చూస్తాను: లాడ్జి లేదా హోటల్ పైన టెర్రస్ మీద టేబుళ్లు వేసినవి, పై అంతస్తులో అద్దాల హాలు ఉన్నవి, మేడ కాకపోయినా గట్టు మీదో గుట్ట వాలులోనో ఎత్తున కూర్చుని తినేవి. నాగార్జునసాగర్‌లో పర్యాటక సంస్థ వాళ్ల విజయ విహార్ జలాశయం ఒడ్డునే ఉంటుంది, గది బాల్కనీలోంచే నీళ్లు కనిపిస్తాయి. సోమశిలలో వాళ్ల కాటేజీలు శ్రీశైలం వెనుక జలాల ఒడ్డున ఉంటాయి. ఇలాంటి చోట బాల్కనీలోకి చాయ్ తెప్పించుకున్నా అది మన పోలికలో నిలబడే పోటీదారే. చాలాసార్లు అదే గెలుస్తుంది కూడా.

ఇక ఏం చూడాలనుకుంటున్నామో ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోవాలి. నీళ్లా, గుట్టలా, ఊరి దీపాలా? మా ఇంట్లో అమ్మకు నీళ్లు, పిల్లలకు హైవే మీద పోయే బండ్ల లైట్లు, తమ్ముడికి కోటలు. ఒక్క పూటలో మూడూ దొరకవు. ఈ పూట ఎవరిదో తేలిపోతే సగం గొడవ తీరుతుంది.

మొదటి అడుగు: ఫొటోలు చదవడం

రెస్టారెంటు వాళ్లు పెట్టిన ఫొటోలను పక్కన పెట్టి, తిన్నవాళ్లు పెట్టినవే చూడండి. వాటిలోనూ కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకోండి. మూడేళ్ల కింద ఖాళీ జాగా ఉన్నచోట ఇప్పుడు నాలుగంతస్తుల బిల్డింగ్ లేచి ఉండొచ్చు. జాతీయ రహదారి పక్క ఊళ్లలో ఇది తరచూ జరుగుతోంది.

ఫొటోలో మూడు విషయాలు వెతుకుతాను. ఒకటి, కూర్చున్న మనిషి ఎత్తు నుంచి తీసిందా, నిలబడి చెయ్యి గోడమీంచి చాపి తీసిందా? ప్లేటూ నీళ్లూ ఒకే ఫొటోలో ఉంటే నమ్మొచ్చు. నీళ్లు మాత్రమే ఉంటే ఎవరో గోడ దగ్గర నిలబడి తీసి ఉంటారు. రెండు, నీడలు ఎటు పడ్డాయి? దాన్నిబట్టి అది పొద్దున తీసిందో సాయంత్రం తీసిందో, చూపు ఏ దిక్కుకు ఉందో తెలుస్తుంది. మూడు, రాత్రి ఫొటోల్లో బయట ఏమన్నా కనిపిస్తోందా? ఎన్ని చూసినా లైట్లూ మనుషుల మొహాలే ఉంటే అక్కడ రాత్రి చూపు (వ్యూ) లేనట్టే.

తర్వాత మ్యాప్‌లో ఉపగ్రహ చిత్రం తెరిచి ఆ బిల్డింగ్‌కూ నీళ్లకూ మధ్య ఏముందో చూడండి. చెట్లా, ట్యాంకా, ఫంక్షన్ హాలా? దూరం కూడా కొలవొచ్చు. ఆ దూరం ఎందుకో తర్వాత చెప్తాను.

రెండో అడుగు: నీళ్లున్నాయా

మన వైపు అందమంతా కృష్ణ మీదే ఆధారపడి ఉంది. కృష్ణలో నీళ్లు మన ఇష్టంతో రావు. నేను బయల్దేరే ముందు రోజు పేపర్లో ప్రాజెక్టుల నీటిమట్టాలు తప్పకుండా చూస్తాను. నాగార్జునసాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, శ్రీశైలం 885 అడుగులు, జూరాల 318.516 మీటర్లు. ఈ మూడు అంకెలు గుర్తుంటే చాలు. పేపర్లో ఇవాళ్టి అంకె వీటికి ఎంత దగ్గరుందో చూస్తే మీ టేబుల్ ముందు ఏముంటుందో అర్థమవుతుంది.

శ్రీశైలం మట్టం బాగా తగ్గితే సోమశిల దగ్గర నీళ్లు వెనక్కి పోయి ఒడ్డు బురద బయటపడుతుంది. మునిగి ఉండే సంగమేశ్వరం గుడి అవతలి వైపు తేలేది కూడా అలాంటప్పుడే. గుడి చూడాలని పోయేవాళ్లకు అది మంచి కాలం, నీళ్లు చూస్తూ తినాలనుకునే వాళ్లకు కాదు. రెండూ ఒకే ప్రయాణంలో దొరుకుతాయనుకుని పోయి నిరాశపడిన వాళ్లను చూశాను.

వానాకాలంలో పైన వరద వచ్చి గేట్లు ఎత్తారని వార్త రాగానే అందరం సాగర్‌కు ఉరుకుతాం. అక్కడ ఒక సంగతి గమనించాలి. 26 గేట్ల నుంచి నీళ్లు తెల్లగా దూకేది డ్యామ్ కింది వైపు. జలాశయం ఒడ్డున ఎంత మంచి టేబుల్ దొరికినా అక్కడి నుంచి కనిపించేది నిండుగా, నిశ్చలంగా ఉన్న నీళ్లే. గేట్లు చూడాలంటే డ్యామ్ దిగువ వంతెన వైపు పోవాలి. నేనైతే ఆ రోజు గేట్లు చూసి, అక్కడే మొక్కజొన్న కంకి తిని, భోజనం సంగతి తర్వాత చూసుకుంటాను. గేట్లెత్తిన రోజు జనం మధ్య మంచి టేబుల్ కోసం కొట్లాడితే వచ్చేది టెన్షనే.

మూడో అడుగు: పొద్దు ఎటు, ఎప్పుడు

మన దగ్గర పొద్దుగూకే సమయం ఏడాదిలో గంటకు పైగా మారుతుంది. నవంబరు చివర్లో 5:40 దగ్గర, సంక్రాంతికీ దసరాకూ ఆరు దగ్గర, జులై మొదట్లో 6:55 దగ్గర. మేం ఆ రోజు ఏడున్నరకు చేరాం. జనవరిలో అప్పటికి పొద్దుగూకి గంటన్నర. ఇంత చిన్న లెక్క మాకు తట్టలేదు.

దిక్కు కూడా మారుతుంది. డిసెంబరులో సూర్యుడు సరిగ్గా పడమట కాకుండా నైరుతి వైపు జరిగి అస్తమిస్తాడు, జూన్‌లో వాయవ్యం వైపు జరుగుతాడు. చెయ్యి చాపి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు పది డిగ్రీలు. పడమర నుంచి రెండున్నర పిడికిళ్లు ఎడమకు లెక్కపెడితే డిసెంబరు సూర్యుడు దిగే చోటు, రెండున్నర పిడికిళ్లు కుడికి పోతే జూన్ సూర్యుడు దిగే చోటు.

ఇది మనకు ఎందుకు పనికొస్తుందంటే, సాగర్ దగ్గరా సోమశిల దగ్గరా తెలంగాణ ఒడ్డు నదికి ఉత్తరం వైపు పడుతుంది. అంటే మనం ఒడ్డున కూర్చుంటే మొహం దక్షిణానికి ఉంటుంది. చలికాలంలో పొద్దు నైరుతిన నీళ్లమీదుగా దిగుతుంది, ఆ ఎర్రదనమంతా నీళ్లలో పడుతుంది. ఎండాకాలంలో అదే పొద్దు మన కుడిభుజం వెనక్కి, ఒడ్డు మీది గుట్టల వైపు పోతుంది. అందుకే నీళ్ల దగ్గర సాయంత్రం భోజనానికి నా లెక్కలో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉన్న నెలలే మేలు. కాకపోతే చలికాలం మధ్యాహ్నం ఎండ దక్షిణం నుంచి వాలుగా నేరుగా మొహంలోకి వస్తుంది. మధ్యాహ్న భోజనమైతే పైన రేకో, గుడ్డ పందిరో ఉందా అని అడగాలి.

గుట్టలకు లెక్క తిరగబడుతుంది. నీళ్లు మెరవాలంటే సూర్యుడు ఎదురుగా ఉండాలి. బండరాయి అందం తెలియాలంటే సూర్యుడు మన వీపు వెనక ఉండాలి. భువనగిరి కోట నిలబడ్డ ఆ ఒక్క బండనే తీసుకోండి. సాయంత్రం దానికి పడమర వైపున్న మేడ మీద కూర్చుంటే బండ మొత్తం రాగి రంగులోకి తిరుగుతుంది. తూర్పు వైపు కూర్చుంటే నల్లటి ఆకారమే కనిపిస్తుంది. మా నల్లగొండలోనూ అంతే. ఊరికి అటు లతీఫ్‌సాబ్ గుట్ట, ఇటు కాపురాల గుట్ట. ఏ మేడ మీది నుంచి ఏ గుట్ట ఏ పూట బాగుంటుందో ఊళ్లోనే నాలుగు సాయంత్రాలు తిరిగి చూసుకున్నాను. ఇంటి దగ్గర సాధన చేస్తే బయట కన్ను త్వరగా పడుతుంది.

నాలుగో అడుగు: ఫోన్ చేసి అడగడం

జాబితాలో మూడు నాలుగు మిగిలాక ఫోన్ చేస్తాను. "వ్యూ బాగుంటుందా?" అని అడగకూడదు. బాగుండదని ఎవరంటారు? లెక్కపెట్టగలిగేవి అడగాలి. పోయినసారి నేను మాట్లాడింది ఇలా ఉంది.

"అన్నా, పైన టెర్రస్ మీద రాత్రి భోజనం పెడతారా?"

"పెడతం మేడం."

"లిఫ్టు పైదాకా వస్తుందా, మధ్యలో దిగాలా?"

"మూడో ఫ్లోర్ దాకా వస్తది మేడం. ఆడికెల్లి ఒక్క ఫ్లోరే."

"మెట్లెన్ని అన్నా? మా అమ్మకు మోకాళ్ల నొప్పులు."

కాసేపు ఆగి, "ఇరవై ఉంటయి మేడం. అమ్మకు కష్టమైతది. కింద గార్డెన్ల కూడ టేబుల్స్ ఉన్నయి, ఆడికెల్లి కూడ చెరువు కనబడ్తది" అన్నాడు.

ఆ ఒక్క మాటతో అతని మీద నాకు నమ్మకం కుదిరింది. మనం మన ఇబ్బంది చెప్పి అడిగితే ఎక్కువమంది నిజమే చెప్తారు. ఇంకా అడగాల్సినవి: ఆ రోజు పైన ఎవరిదన్నా బర్త్‌డేనో ఫంక్షనో బుక్ అయిందా, వాన వస్తే ఎక్కడ కూర్చోబెడతారు, గోడ పక్క టేబుళ్లు ఎన్ని, వాటికి వేరే చార్జీ ఉందా, పైన పాటలు పెడతారా, బాత్రూమ్ అదే అంతస్తులో ఉందా. సెలవుల్లో టెర్రస్ మొత్తం ఫంక్షన్‌కు ఇచ్చేసి మామూలు వాళ్లను కింది ఏసీ హాల్లో కూర్చోబెట్టడం మామూలే. ఫోన్ చేయకుండా పోతే ఇది గుమ్మం దగ్గర తెలుస్తుంది.

ఐదో అడుగు: తినకముందే ఒకసారి ఎక్కి చూడటం

సెలవుల్లో ఉన్నాం కదా, మధ్యాహ్నం ఊరు తిరిగేటప్పుడు పది నిమిషాలు ఆగి పైకి ఎక్కి చూసి రావొచ్చు. "సాయంత్రం తొమ్మిది మందిమి వస్తాం, టేబుల్ చూసుకుంటాం" అంటే ఎవరూ కాదనరు. ఈ ఒక్క పని చేస్తే పైన చెప్పినవన్నీ కొంచెం అటూ ఇటూ అయినా నష్టం లేదు.

ఎక్కగానే అందరూ గోడ దగ్గరికి పోయి నిలబడి చూస్తారు. నిలబడి తినం కదా! కుర్చీలో కూర్చుని చూడండి. కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి కన్ను నేలకు సుమారు 115 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. పిట్టగోడ ఒక మీటరు ఉందనుకుందాం. కన్ను గోడకంటే 15 సెంటీమీటర్లే ఎత్తు. టేబుల్ గోడకు మీటరు దూరంలో ఉండి, మేడ నేలకు 12 మీటర్ల ఎత్తులో ఉంటే, బిల్డింగ్ నుంచి సుమారు 90 మీటర్ల అవతలి నుంచే కింది నేల కనిపించడం మొదలవుతుంది. అదే టేబుల్ వెనక్కి జరిగి గోడకు నాలుగు మీటర్ల దూరంలో ఉంటే సుమారు 350 మీటర్ల అవతలి నుంచి. నది 200 మీటర్ల దూరంలోనే సన్నగా పారుతోందంటే రెండో వరుసలో కూర్చున్న వాళ్లకు అది కనబడదు. ఉపగ్రహ చిత్రంలో దూరం కొలవమన్నది ఇందుకే. గోడమీద ఓ అడుగు ఎత్తు పూలకుండీలు పెట్టారంటే మొదటి వరుసలో ఉన్నా కన్ను ఆకాశానికే పోతుంది. పిల్లల కన్ను ఇంకా కిందికి ఉంటుంది. వాళ్లకు అడ్డగోడ కన్నా కమ్మీలో, గట్టి అద్దమో ఉన్న చోటు మంచిది.

అట్లని గోడ పొట్టిగా ఉండాలని కోరుకోవద్దు. పిల్లలు వెంట ఉంటే మీటరు కన్నా తక్కువ గోడ పక్క నేను కూర్చోను, ఎంత అందమైన చోటైనా సరే. కుర్చీ గోడకు ఆనించి ఉంటే పిల్లలు దానిమీదికి ఎక్కేస్తారు. టేబుల్‌ను అడ్డం తిప్పించి పెద్దవాళ్లం గోడ వైపు కూర్చుంటాం. దిగడానికి రెండో మెట్ల దారి ఉందో లేదో కూడా చూసుకోండి. పైన గుడ్డ పందిరి, పక్కనే తందూరు, కింద ఒకటే ఇరుకు మెట్ల దారి ఉన్న చోటును నేను జాబితాలోంచి కొట్టేస్తాను.

ఎక్కినప్పుడే చేత్తో నేలను తాకి చూడండి. మన వైపు మే నెలలో 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. పగలంతా ఎండ తాగిన స్లాబు పొద్దుగూకాక కూడా చాలాసేపు వేడి కక్కుతూనే ఉంటుంది. ఏడింటికి పైన గాలి చల్లగా తగిలినా కాళ్ల కింద సెగ ఉంటుంది. ఎండాకాలం మేడమీద భోజనం అంటే నా మాట: తొమ్మిది తర్వాతో, తెల్లారగట్లో. పొద్దున ఆరున్నరకు మేడమీద ఇడ్లీ పెట్టే చోటు దొరికితే వదలకండి. చాలామంది సాయంత్రం గురించే ఆలోచిస్తారు కానీ, ఏప్రిల్లో మా నల్లగొండ పక్కనున్న పానగల్లు ఉదయ సముద్రం చెరువు మీద పొద్దు పొడిచే గంటకు సాటి వచ్చే సాయంత్రం నేను చూడలేదు.

వానాకాలంలో ఉసిళ్ల సంగతి మర్చిపోవద్దు. వాన వెలిసిన సాయంత్రం లైటు ఉన్న ప్రతిచోటా చేరి ప్లేట్లలో పడతాయి. టేబుల్ మీది లైటు ఆర్పుకునే వీలుందా అని అడగండి. లైట్లు తగ్గితే బయటి చూపూ పెరుగుతుంది. అద్దాల హాలైతే ఇంకా ముఖ్యం: లోపల వెలుతురు ఎక్కువైతే అద్దంలో మన మొహాలే కనిపిస్తాయి. సాగర్, శ్రీశైలం దారుల్లో కోతులు కూడా ఉంటాయి. పగటిపూట ఆరుబయట టేబుల్ మీద అరటిపండ్లో చిప్స్ ప్యాకెట్టో పెట్టుకుంటే అవి మన కోసం ఆగవు.

ఆరో అడుగు: తిండిని ఎలా పోల్చాలి

చూపు బాగున్న చోట తిండి బాగుంటుందన్న నియమం లేదు. వంటగది కింది అంతస్తులో ఉండి మూడు అంతస్తులు మోసుకొస్తే రొట్టె చల్లబడి అట్టలా అవుతుంది. కాబట్టి వంటగది ఎక్కడుందో అడగండి. కిందే అయితే రొట్టెలూ వేపుళ్లూ కాకుండా, వేడి నిలిచే పులుసు, బిర్యానీ, పప్పు లాంటివి చెప్పుకోవడం తెలివి.

పోల్చాలంటే అన్ని చోట్లా ఒకటే తినాలి. మధ్యాహ్నం చూడటానికి ఎక్కినప్పుడు నేను ప్రతిచోటా చాయ్, ఉల్లిపాయ పకోడీ చెప్తాను. పకోడీలో నూనె పాతదైతే మొదటి ముక్కకే తెలుస్తుంది. చాయ్ ఎంతసేపటికి వచ్చిందో గడియారం చూస్తాను. మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడే ఇరవై నిమిషాలు పడితే రాత్రి జనంలో ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే లైసెన్సు 14 అంకెల నంబరు కనిపించేలా పెట్టారా అని కూడా చూస్తాను.

చేపల గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. నది పక్కన కూర్చున్నంత మాత్రాన ప్లేట్లోది ఆ నది చేప అయి ఉండాలని లేదు. "ఇవాళ ఏ చేప వచ్చింది?" అని అడగండి. కొర్రమీనా, రవ్వా, బొచ్చా అని తడుముకోకుండా చెప్తే మంచిదే. "ఫిష్ మేడం, ఫిష్" అంటే పప్పు చెప్పుకోండి. ధర ప్లేటుకా, కిలోకా, కిలోకైతే పచ్చి చేప తూకమా, ముందే తేల్చుకోవాలి. జూరాల డ్యామ్ దగ్గర వేడి వేడిగా చేపలు వేయించి ఇచ్చే కొట్లు ఉన్నాయి. అక్కడ మేడ లేదు, అలంకారం లేదు, కానీ గద్వాల వైపు పోయే వాళ్లం ఆగకుండా ఉండలేం. ఆ రుచిని ఏ టెర్రస్ మీదా నేను చూడలేదు.

అందుకే నేను గట్టిగా నమ్మే మాట ఒకటుంది: చూపునూ కడుపునూ విడదీయండి. పొద్దుగూకే గంట మేడమీద చాయ్, పకోడీతో గడపండి. రాత్రి భోజనం ఊళ్లో జొన్నరొట్టె, నాటుకోడి పులుసు బాగా చేసే చిన్న మెస్సులో చేయండి. ఖర్చు తగ్గుతుంది, రెండూ బాగుంటాయి. రెండూ ఒకేచోట బాగుంటే అదృష్టం, కానీ దాన్ని పట్టుకునే తొమ్మిది మంది సాయంత్రాన్ని పణంగా పెట్టక్కర్లేదు.

ఏడో అడుగు: బిల్లు

ఇది క్లుప్తంగా. మామూలు రెస్టారెంటులో జీఎస్టీ 5 శాతం, రోజు గది అద్దె 7,500 రూపాయలు దాటే పెద్ద హోటళ్లలోని రెస్టారెంట్లలో 18 శాతం. సర్వీస్ చార్జీని అడగకుండా బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. వేస్తే తీసేయమని మర్యాదగా అడగండి. వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. నీళ్ల సీసా మాత్రం ఎంఆర్‌పీ కన్నా ఎక్కువ ధరకు ఇవ్వొచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది, కాబట్టి దాని ధర ముందే చూసుకోవాలి. గోడ పక్క టేబుల్‌కు కనీస బిల్లు ఇంత అని పెట్టారేమో కూడా కూర్చోకముందే అడగండి.

ఎనిమిదో అడుగు: మార్కులు వేయడం

ముందు కొట్టివేతలు. మీ ఇంటికి అసలు కుదరనివి రెండో మూడో రాసుకోండి. మాకు: పది మెట్లు దాటకూడదు, బాత్రూమ్ అదే అంతస్తులో ఉండాలి, కూర్చుంటే కనబడాలి. ఈ మూడింట్లో ఒకటి తప్పినా మార్కుల దాకా రానివ్వను.

మిగిలిన వాటికి చూపు, సౌకర్యం, తిండి, ధర అని నాలుగింటికి పదేసి మార్కులు. తర్వాత ఎవరెవరు వస్తున్నారో చూసి గుణించాలి. అమ్మ, చిన్నమ్మ ఉంటే చూపును 3తో, సౌకర్యాన్ని 3తో, తిండిని 2తో, ధరను 1తో గుణిస్తాను. ఉదాహరణకు ఒక చోటుకు చూపు 9, సౌకర్యం 4, తిండి 7, ధర 5 అనుకోండి. 27, 12, 14, 5 కలిపితే 58. ఇంకో చోటుకు చూపు 6, సౌకర్యం 9, తిండి 7, ధర 7. 18, 27, 14, 7 కలిపితే 66. రెండోదే మాది. అదే తమ్ముడూ మరదలూ ఇద్దరే పోతుంటే చూపును 5తో, సౌకర్యాన్ని 1తో గుణించమంటాను. మొదటిది 68కి పోతుంది, రెండోది 60కి దిగుతుంది. చోట్లు మారలేదు, మనుషులు మారారు. అందుకే ఎవరో ఇచ్చిన నాలుగున్నర నక్షత్రాలు మీ అమ్మ మోకాళ్ల గురించి ఏమీ చెప్పలేవు.

మార్కులు ఇద్దరు వేస్తే ఇంకా మంచిది. మా ఆయనకూ నాకూ చూపు దగ్గర ఎప్పుడూ రెండు మూడు మార్కుల తేడా వస్తుంది. అప్పుడు పిల్లల్ని అడుగుతాం.

ఆ సాయంత్రం

పొద్దుగూకే సమయానికి ముప్పావు గంట ముందే కూర్చోండి. కూర్చోగానే ఆర్డర్ చెప్పేయండి, పొద్దు దిగే పది నిమిషాల్లో మెనూ చదువుతూ ఉండకూడదు. సూర్యుడు మునగగానే లేవకండి. ఆ తర్వాత ఇరవై నిమిషాల పాటు ఆకాశం రంగులు మారుతూనే ఉంటుంది, నీళ్లలో ఆకాశం నీలం నిలిచే సమయం అదే. పెద్దవాళ్లకు శాలువా వెంట ఉంచండి, చలికాలం జలాశయం మీది గాలి ఏడు దాటాక ఎముకలకు తగులుతుంది.

తిరుగు దారి లెక్క కూడా ముందే వేసుకోవాలి. శ్రీశైలం దారిలో మన్ననూరు, దోమలపెంట మధ్య అమ్రాబాద్ పులుల అడవిలోంచి రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లను వదలరు. ఈగలపెంట వైపు సాయంత్రం గడిపి హైదరాబాద్ వైపు తిరిగి రావాలంటే ఆ గడియారమే మీ గడియారం. లేదంటే రాత్రికి అక్కడే ఆగాలి. ఎటు పోయినా బండి నడిపే మనిషి మీతోపాటే కూర్చుని వేడిగా తినేలా చూడండి.

బిల్లు వచ్చేలోపు నోటుబుక్కు తీసి నెల, గంట, టేబుల్ ఎక్కడుందో, నీటిమట్టం ఎంతో రాసేయండి. ఇంటికి పోయాక రాద్దామంటే గుర్తుండవు. పోయిన సంక్రాంతికి మళ్లీ సాగర్ పోయినప్పటి పేజీ నా దగ్గర ఇలా ఉంది: "జనవరి. 5:15కు కూర్చున్నాం. కుడి చివర, గోడ పక్క టేబుల్. మెట్లు 6. చాయ్ బాగుంది, పకోడీ మామూలు. అమ్మ కుర్చీ నీళ్ల వైపు."